పర్లాకిమిడి నుంచి కాలేజీ సీటుకి: పది తర్వాత విశాఖ పంపాలా, ఇక్కడే ప్లస్ టూ చదివించాలా

మీరు అడిగింది ఇదీ: మీది పర్లాకిమిడి. పాప ఒడిశా బోర్డు ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతి, బాబు ఏడో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కిరాణా కొట్టు మీద ఏడాదికి 2,20,000 దాకా వస్తుంది. వెనుకబడిన కులం. పది అవగానే పాపని విశాఖలో ఇంటర్‌కి పెట్టెయ్యమని శ్రీకాకుళం చుట్టాలు అంటున్నారు. ఇంజినీరింగో మెడిసినో ఇంకా తేలలేదు. డబ్బు సాయం ఎక్కడెక్కడ దొరుకుతుంది, ఎప్పటినుంచి చూసుకోవాలి?

ఏ కోచింగ్ మంచిదన్నది తర్వాత చూడొచ్చు. సరిహద్దులో ఉన్నవాళ్ళు ముందు తేల్చుకోవలసింది పాప పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసవుతుందన్నది. దాని వెంట మూడు లెక్కలున్నాయి: సీటుకి ఒక లెక్క, కులానికి ఒక లెక్క, డబ్బుకి ఒక లెక్క. లోపలి ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఈ మూడూ ఒకే రాష్ట్రంలో పడతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం అనే చోట ఉన్న మనకి మూడూ మూడు వైపులకి పోతాయి.

ముందు ఆంధ్రా సీటు సంగతి. అక్కడ ఇంజినీరింగ్ కన్వీనర్ సీట్లలో గానీ, నీట్ రాష్ట్ర కోటాలో గానీ 85 శాతం స్థానికులకి. స్థానికత అంటే అక్కడ ఇల్లుండటమో, మాతృభాష తెలుగు కావటమో కాదు. అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడు, రెండో ఏడు. మీ పాప తొమ్మిది ఇక్కడే చదువుతోంది. పది అయ్యాక విశాఖ వెళ్తే రెండేళ్ళే అవుతాయి, ఇప్పుడే పాతపట్నం బడికి మార్చి పదిలో చేర్పించినా మూడేళ్ళే. ఏడేళ్ళ లెక్క అని ఇంకొకటి ఉంది గానీ, దానికి ఆ ఏడేళ్ళూ ఆంధ్రాలోనే చదివి ఉండాలి. అదీ కుదరదు. మిగిలిన 15 శాతానికి కూడా తల్లిదండ్రులు పదేళ్ళు ఆ రాష్ట్రంలో ఉండటం లాంటి షరతులున్నాయి. ఇక్కడే పుట్టి ఇక్కడే కొట్టు నడుపుకుంటున్న కుటుంబం అందులో పట్టదు. కాబట్టి "విశాఖలో ఇంటర్ చదివితే ఆంధ్రా యూనివర్సిటీలో సీటు వస్తుంది" అని చుట్టాలు చెప్పేది మీ పాప విషయంలో తప్పు. మిగిలేది మేనేజ్‌మెంట్ సీటు.

ఇక ఎన్ఐటీ సంగతి. దీన్ని చాలామంది గమనించరు. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకి. ఎన్ఐటీ, ఐఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి పాసైన బడి ఉన్న రాష్ట్రం. రెసిడెంట్ సర్టిఫికెట్ అడగరు, ఆధార్‌లో చిరునామా చూడరు, ఏ బోర్డన్నది కూడా లెక్కలోకి రాదు. ఇక్కడ ప్లస్ టూ పాసైతే పాప రూర్కెలా ఎన్ఐటీకి సొంత రాష్ట్రం కింద వస్తుంది. విశాఖలో ఇంటర్ పాసైతే తాడేపల్లిగూడెం ఎన్ఐటీకి సొంత రాష్ట్రం అవుతుంది, రూర్కెలాకి బయటి పిల్ల అవుతుంది. తాడేపల్లిగూడెంలో ఆమె పోటీ పడేది విజయవాడ, గుంటూరు హాస్టళ్ళలో ఆరో తరగతి నుంచీ నూరిపోయించుకున్న పిల్లలతో. రూర్కెలాలో ఒడిశా కోటా చివరి ర్యాంకు, బయటి రాష్ట్రాల చివరి ర్యాంకు పక్కపక్కన పెట్టి చూడండి. జోసా వెబ్‌సైట్లో పాత సంవత్సరాలవి రౌండు వారీగా ఉంటాయి. ఆడపిల్లలకి విడిగా ఇచ్చే సీట్ల వరస కూడా అందులోనే ఉంటుంది, అదీ చూడండి. చుట్టాలకి నచ్చజెప్పడానికి ఆ పేజీ చాలు.

మెడిసిన్ అయితే ఒడిశా 85 శాతం కోటాకి ప్రధానంగా చూసేది రెసిడెంట్ సర్టిఫికెట్. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ సహీద్ లక్ష్మణ్ నాయక్ కాలేజీ సీట్లు ఆ కోటాలోవే. బయట చదివిన పిల్లలకి అదనపు షరతులు ఏవైనా ఉంటే ఆ ఏడాది ఓజేఈఈ (ఒడిశా ప్రవేశాలు చూసే సంస్థ) బ్రోషర్లో ఉంటాయి. ప్లస్ టూ ఇక్కడే చదివితే ఆ గొడవే లేదు. పైగా ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి మెడికల్, ఇంజినీరింగ్ సీట్లలో 15 శాతం ప్రత్యేకంగా ఇస్తామని ఒడిశా 2021లో నిర్ణయించింది. పాప ప్రభుత్వ హైస్కూల్లోనే ఉంది కదా, పది దాకా అక్కడినుంచి కదపకండి. ఏయే తరగతులు ప్రభుత్వ బడిలో చదివి ఉండాలో బ్రోషర్లో నిబంధన చదివి ఆమె బడి దాని కిందికి వస్తుందో లేదో ముందే చూసుకోండి.

రెండేళ్ళ విశాఖ ఇంటర్‌తో ఆంధ్రాకి స్థానికురాలు కాదు, రూర్కెలాకి సొంత రాష్ట్రం పిల్ల కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. నా మాట అడిగితే, పాపని ఇక్కడే ప్లస్ టూ సైన్స్ చదివించండి. పర్లాకిమిడి ఎస్‌కేసీజీ కాలేజీ అయినా, బరంపురం అయినా, సామ్స్ (ఒడిశా ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్) దరఖాస్తులో వరస జాగ్రత్తగా పెట్టుకోండి.

బాబు సంగతి వేరు. ఏడులో ఉన్నాడు కాబట్టి రెండు దారులూ ఇంకా తెరిచే ఉన్నాయి. తొమ్మిది మొదలయ్యే జూన్‌కల్లా పాతపట్నం వైపు బడిలో చేరి అక్కడే ఇంటర్ దాకా నాలుగేళ్ళూ చదివితే చదువు లెక్కన ఆంధ్రా స్థానికుడవుతాడు. రోజూ ఇంటినుంచే వెళ్ళి రావచ్చు. కానీ స్థానికత ఒక్కటే వస్తుంది. ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, దానికి కుటుంబం ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలి. ఆంధ్రా బీసీ రిజర్వేషన్ కూడా రాదు. సీటు అక్కడ, ఫీజు మొత్తం మీ జేబులోంచి. రూర్కెలా కూడా పోతుంది. ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఎనిమిది పూర్తయ్యేలోపు తేల్చుకోండి.

కులం లెక్కకి వద్దాం. ఎస్సీ, ఎస్టీ అయినా, బీసీ అయినా జాబితాలు రాష్ట్రం వారీగా ఉంటాయి. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినంత మాత్రాన వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ ప్రయోజనం రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. ఆ కేసు కూడా తెనాలి నుంచి బొంబాయి వెళ్ళిన కుటుంబం పిల్లవాడి మెడికల్ సీటు గురించే. పాతపట్నంలో ఉన్న మీ పెదనాన్నగారి పిల్లలకి బీసీ సర్టిఫికెట్ ఉందని మీకూ అదే వస్తుందనుకోవద్దు. ఒడిశాలో రాష్ట్ర జాబితాని ఎస్ఈబీసీ అంటారు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రెండింటిలోనూ ఉన్న కులాలున్నాయి, ఒక్కదానిలోనే ఉన్నవీ ఉన్నాయి. ఎన్ఐటీ, ఐఐటీ, బరంపురం ఐసర్ (సైన్సు చదువుల కేంద్ర సంస్థ), కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీ, వీటన్నిటికీ చూసేది కేంద్ర జాబితాలో ఒడిశా పేరు కింద మీ కులం ఉందా లేదా అని. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్లో రాష్ట్రం ఎంచుకుంటే వస్తుంది. ఉపకులం పేరు అక్షరాలతో సహా ఎలా రాశారో చూసుకోండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, తహసీల్‌లో ఎస్ఈబీసీ సర్టిఫికెట్ తీసుకుని అదే ఓబీసీ అనుకుని జేఈఈ ఫారంలో ఓబీసీ టిక్ పెడతారు. సీటు వచ్చాక పత్రాల పరిశీలనలో కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఆదాయం హద్దు దాటలేదన్న) సర్టిఫికెట్ అడుగుతారు. అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. లేకపోతే జనరల్ కింద నెట్టేస్తారు, ఓబీసీ ర్యాంకుతో వచ్చిన సీటు పోతుంది. క్రీమీలేయర్ 8 లక్షల హద్దులో జీతం, వ్యవసాయం మీద వచ్చేది కలపరు. మీ కులం కేంద్ర జాబితాలో లేదని తేలితే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడినవాళ్ళ కోటా) చూడండి. కానీ అందులో లెక్క తిరగబడుతుంది: వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలిపి 8 లక్షల లోపు ఉండాలి, అయిదెకరాలు గానీ అంతకు మించి గానీ సాగు భూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా రాదు. తాతగారి పేరున కొండవార మెట్టభూమి ఉంటే ముందే లెక్కేసుకోండి.

ఇప్పుడు పేర్ల గొడవ. తెలుగు కుటుంబాలకి ఒడిశాలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టేది ఇదే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా ఫారాల్లో ఇంటిపేరు చివర. ఉదాహరణకి బొడ్డేపల్లి అప్పారావు అనే తండ్రి బడి రికార్డులో "అప్పా రావు" అవుతాడు. గుమస్తా రావునే ఇంటిపేరనుకుంటాడు. ఆధార్‌లో "బి అప్పారావు". ఓటరు కార్డులో "అప్పారావు బొడ్డేపల్లి". భూమి పట్టా ఒడియాలో ఉంటుంది, అందులో సెటిల్‌మెంట్ రోజుల్లో విని రాసుకున్నట్టు "బడేపల్లి ఆపారావ". నలుగురూ ఒక్కడే అని రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ) నమ్మాలి. నమ్మకపోతే కులం దరఖాస్తు తిరిగొస్తుంది, రెసిడెంట్ దరఖాస్తూ తిరిగొస్తుంది.

తొమ్మిదో తరగతి ఎందుకు ముఖ్యం అంటే, ఒడిశా సెకండరీ బోర్డు పిల్లల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ నమోదు చేసుకునేది ఈ తరగతిలోనే. అందులో ఏది పడితే అదే పది సర్టిఫికెట్‌లో వస్తుంది, ఆపై జీవితమంతా అదే. కాబట్టి హెడ్‌మాస్టర్ గారిని అడిగి రిజిస్ట్రేషన్ ప్రింటు కళ్ళతో చూడండి. పాప పేరు పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా ఉందా, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, విడదీసిన చోట ఖాళీ ఒకేలా ఉందా చూడండి. "అప్పారావు", "అప్పా రావు" కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు. తేడా ఉంటే బడి ద్వారా ఇప్పుడే దిద్దించండి. పది సర్టిఫికెట్ అచ్చయ్యాక దిద్దుబాటు నెలలు పడుతుంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. అందుకని ముందు బడి రికార్డులో ఏ రూపం ఉండాలో ఖాయం చేసుకుని, దానికి సరిపడేలా ఆధార్‌ని ఒక్కసారే మార్చండి. జేఈఈ మెయిన్ దరఖాస్తుకి ముందు ఆధార్ వివరాలు పది సర్టిఫికెట్‌తో సరిపోలేలా పెట్టుకోమని ఆ పరీక్ష నడిపే ఎన్‌టీఏ కూడా చెబుతోంది.

కులం సర్టిఫికెట్‌కి ఒడిశాలో భూమి పట్టా బలమైన ఆధారం. అందులో రైతు పేరు కింద జాతి అని కులం రాసి ఉంటుంది. ఒడిశా భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్లో మీ మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు కొట్టి చూడండి. పట్టా తాతగారి పేరున ఉంటే, ఆయన నుంచి మీ దాకా వంశవృక్షం కాగితం కావాలి. కులం పేరు ఒడియా గుమస్తా విన్నట్టు రాసుంటే, జాబితాలో ఉన్న పేరు ఇదేనని చూపించడానికి మీ అన్నదమ్ములకో పినతండ్రి పిల్లలకో వచ్చిన పాత కులం సర్టిఫికెట్ నకలు బాగా పనికొస్తుంది. దరఖాస్తు ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్లో, లేదా మో సేవా కేంద్రంలో. ఆర్ఐ నివేదిక అయ్యాక తహసీల్దారు ఇస్తారు. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం ముందే తీసి దాచుకునేది కాదు, ఎప్పటికప్పుడు కొత్తది తీసుకోవాలి.

భాష గురించి ఒక మాట, ఎందుకంటే ఇది ఆఖరి నిమిషంలో బయటపడుతుంది. నీట్, జేఈఈ మెయిన్ రెండూ పదమూడు భాషల్లో ఉన్నాయి, తెలుగూ ఉంది. కానీ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రా, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. ఒడిశా కేంద్రంలో రాసే పిల్లకి ఇంగ్లిష్, హిందీ, ఒడియా. తర్జుమాలో తేడా వస్తే ఇంగ్లిష్ మాటే చెల్లుతుంది. ఒడియా మీడియం పిల్లలకి ప్లస్ టూ సైన్స్ ఇంగ్లిష్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు నెలలు చుక్కలు కనబడతాయి. పది పరీక్షలకీ ప్లస్ టూ తరగతులకీ మధ్య దొరికే వేసవిలో తొమ్మిది, పది లెక్కలు, సైన్సు ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్ పుస్తకాలు ఒకసారి చదివించండి. కొత్త పాఠాలు అక్కర్లేదు, తెలిసిన పాఠానికి ఇంగ్లిష్ మాటలు తెలిస్తే చాలు. ఇంట్లో తెలుగు కదా అని ఒడియా సబ్జెక్టుని నిర్లక్ష్యం చెయ్యనివ్వకండి. రేపు నర్సు ఉద్యోగానికైనా టీచరు ఉద్యోగానికైనా ఒడిశా ప్రభుత్వం ఒడియా పాసైనట్టు కాగితం అడుగుతుంది.

ఇక డబ్బు.

ముందు బాబుది, ఎందుకంటే తొందరపడవలసింది అక్కడే. ఎన్ఎంఎంఎస్ అని ఎనిమిదో తరగతిలో రాసే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 5 శాతం సడలింపు. తల్లిదండ్రుల ఆదాయం 3,50,000 లోపు. మీది లోపలే ఉంది. రెండు పేపర్లు, ఒక్కొక్కదానిలో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు: ఒకటి తర్కం, ఇంకొకటి ఏడు ఎనిమిది తరగతుల పాఠాలు. వస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000, మొత్తం 48,000. తర్కం పేపర్లో బొమ్మల వరసలు, అంకెల వరసలు ఉంటాయి. బడిలో ఎవరూ చెప్పరు కాబట్టి పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు చేయిస్తే ఆ పిల్లవాడు గుంపు కంటే ముందుంటాడు. ఎంపికైనవాళ్ళు మధ్యలో పోగొట్టుకునేది ఇలా: పదిలో 60 శాతం రాకపోవటం, ప్రైవేటు కాలేజీలో చేరటం, ఏటా పోర్టల్లో రెన్యువల్ మరిచిపోవటం. పాప ఎనిమిదిలో రాసి ఉంటే సరే, లేకపోతే ఆమెకి ఈ దారి మూసుకుపోయింది.

పాపకి పది అయ్యాక మొదటిది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. చాలామంది ఇది డిగ్రీకే అనుకుంటారు, ప్లస్ టూ మొదటి ఏడాది నుంచే వర్తిస్తుంది. ఆదాయం 2,50,000 లోపు కాబట్టి మీరు లోపలే ఉన్నారు, కానీ అంచు మీద ఉన్నారు. ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు. ఈ డబ్బు ఇచ్చేది చదివే రాష్ట్రం కాదు, కుటుంబం నివాసమున్న రాష్ట్రం. ఒకవేళ పాప ఎప్పుడైనా ఆంధ్రాలో చదివినా అడగవలసింది ఒడిశానే, కాకపోతే ఆ కాలేజీ ఒడిశా పోర్టల్లో నమోదై ఉండాలి. ఆంధ్రాలో కొన్ని కాలేజీల ఆఫీసులకి ఆ సంగతే తెలియదు. చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

ప్లస్ టూ అయ్యాక దారులు పెరుగుతాయి. ఒక్కటే గుర్తుంచుకోండి, వీటిలో చాలావాటికి ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంటే ఇది రాదన్న షరతు ఉంది. కాబట్టి కనబడినదానికల్లా దరఖాస్తు పెట్టకుండా లెక్కేసి ఒకటి ఎంచుకోవాలి. కేంద్ర ప్రభుత్వ కాలేజీ విద్యార్థుల పథకంలో బోర్డులో పైనున్న 20 శాతం మందిలో పడాలి, ఆదాయం 4,50,000 లోపు. బీటెక్‌కి మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000, నాలుగో ఏడు 20,000, కలిపి 56,000. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకి: ఏడాదికి 50,000, ఆదాయం 8 లక్షల లోపు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు, ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలో మొదటి ఏడాది చేరినవాళ్ళకి. నాలుగేళ్ళకి రెండు లక్షలు. ఎంపిక ప్లస్ టూ మార్కుల వరసన, రాష్ట్రానికి ఇన్ని అని ఉంటాయి. జేఈఈ ర్యాంకు కోసం బోర్డు పరీక్షని గాలికొదిలేసిన పిల్లలు ఇక్కడ నష్టపోతారు. ఎన్ఐటీ, ఐఐటీలకి కూడా ర్యాంకుతో పాటు పన్నెండులో 75 శాతం గానీ, బోర్డులో పై 20 పర్సంటైల్ గానీ కావాలి, ఎస్సీ ఎస్టీలకి 65 శాతం.

ఎన్ఐటీ సీటే వస్తే స్కాలర్‌షిప్ కన్నా పెద్దది ట్యూషన్ మాఫీ. ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కి 62,500. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి మొత్తం మాఫీ. ఆదాయం లక్ష లోపైతే ఏ కులమైనా మొత్తం మాఫీ. లక్ష నుంచి అయిదు లక్షల లోపైతే మూడింట రెండొంతులు మాఫీ. మీ ఆదాయానికి పాప కట్టేది సెమిస్టర్‌కి 20,833, ఏడాదికి దాదాపు 41,700. హాస్టలు, మెస్సు మాత్రం మాఫీ కావు. ఇది అడగకుండా దానంతటదే రాదు. కౌన్సెలింగ్ ఫారంలో ఆదాయం గడి నింపాలి, చేరేటప్పుడు సర్టిఫికెట్ చూపాలి. ఆ గడి వదిలేసి పూర్తి ఫీజు కట్టే కుటుంబాలున్నాయి.

బరంపురం పరలా మహారాజా ఇంజినీరింగ్ కాలేజీలోనో, ఓజేఈఈ ద్వారా భర్తీ అయ్యే ఇంకో కాలేజీలోనో అయితే టీఎఫ్‌డబ్ల్యూ (ట్యూషన్ ఫీజు మాఫీ) సీటు చూడండి. కోర్సుకి 5 శాతం అదనపు సీట్లు, ఆదాయం 8 లక్షల లోపు, ట్యూషన్ మొత్తం మాఫీ. మిగతా ఫీజులు కట్టాలి, తర్వాత బ్రాంచి గానీ కాలేజీ గానీ మార్చుకోవటం కుదరదు. దీని చివరి ర్యాంకు మామూలు సీటుకన్నా మెరుగ్గా ఉంటుంది కాబట్టి ఆప్షన్లలో పైన పెట్టి, అదే కాలేజీ మామూలు సీటు దాని కింద పెట్టండి. ఒడిశా ప్రభుత్వ కాలేజీల్లో బీటెక్‌కి కూడా జేఈఈ మెయిన్ ర్యాంకే చూస్తారు. కాబట్టి ఎన్ఐటీ ఆశ లేకపోయినా ఆ పరీక్ష రాయాల్సిందే.

డబ్బు ఎంత వస్తుందన్నదాని కన్నా ఎప్పుడు వస్తుందన్నది పెద్ద సమస్య. జోసాలో సీటు ఖాయం చేసుకోవటానికి ముప్పై వేలకి అటూ ఇటుగా నాలుగైదు రోజుల్లో కట్టాలి, చేరేటప్పుడు హాస్టలు డిపాజిట్ అదనం. అంతా జూన్, జులైలో. స్కాలర్‌షిప్ దసరాకైనా రాదు, ఒక్కోసారి మరుసటి మార్చికి వస్తుంది. ఆ సందు పూడ్చటానికి ఇప్పటినుంచి పోస్టాఫీసులో నెలకి 1,500 ఆర్‌డీ వెయ్యండి. మూడేళ్ళకి అసలే 54,000. సుకన్య ఖాతా ఉంటే పది పాసయ్యాక చదువు ఖర్చుకి అంతకుముందు మార్చి 31 నాటి నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు.

ఇంకా చాలకపోతే లోను. నాలుగు లక్షల దాకా హామీ, మార్జిన్ (మన చేతినుంచి పెట్టే వాటా) అడగరు. గుర్తింపున్న పెద్ద సంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే పీఎం విద్యాలక్ష్మి కింద తాకట్టు లేకుండా ఇస్తారు. మేనేజ్‌మెంట్ సీటుకి అది రాదు. ఆదాయం 4,50,000 లోపు ఉంటే వృత్తి, సాంకేతిక కోర్సులకి చదివినన్నాళ్ళూ, ఆపైన ఒక ఏడాదీ వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. బ్యాంకు తానై చెప్పదు, వడ్డీ రాయితీకి ఆదాయం సర్టిఫికెట్ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

బ్యాంకు ఖాతా పాప పేరునే తెరవండి. ఆధార్ లింకయిందంటే సరిపోదు, డీబీటీ (ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే డబ్బు) ఏ బ్యాంకుకి మ్యాప్ అయిందో చూడాలి. బడిలో పాత స్కాలర్‌షిప్ కోసం ఎప్పుడో తెరిచిన గ్రామీణ బ్యాంకు ఖాతాకి మ్యాపింగ్ ఉండిపోయి, అది వాడక మూతపడి, డబ్బు వెనక్కి పోయిన సందర్భాలు కోకొల్లలు. ఆధార్ సంస్థ యూఐడీఏఐ సైట్లో బ్యాంకు సీడింగ్ స్థితి రెండు నిమిషాల్లో కనబడుతుంది.

చుట్టాల మాట కాదనలేక విశాఖే పంపుతామంటే, ఒక్క దారికి మాత్రం ఒప్పుకోకండి: పేరు పర్లాకిమిడి కాలేజీలో, పిల్ల విశాఖ హాస్టల్లో. హాజరు తక్కువై పరీక్షకి కూర్చోనివ్వకపోతే పోయేది మీ పాప ఏడాది. ఎవరు సలహా ఇచ్చారో వాళ్ళది కాదు.

మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ, రాజురా వైపు నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, మీ లెక్క ఇది కాదు. మహారాష్ట్ర సీఈటీ (ప్రవేశ పరీక్ష)లో సొంత రాష్ట్రం కింద రావటానికి మామూలుగా పది, పన్నెండు రెండూ అక్కడే పాసై డొమిసైల్ (నివాస సర్టిఫికెట్) ఉండాలి. కులం సర్టిఫికెట్‌తో పాటు, అది సరైనదేనని పరిశీలన కమిటీ ఇచ్చే వ్యాలిడిటీ కాగితం కూడా కావాలి. ఆ వ్యాలిడిటీకి పదకొండులోనే దరఖాస్తు పెట్టుకోవాలి.

పాప తరగతులవారీగా చూస్తే, ఈ ఏడు పేర్లు, రెసిడెంట్, కులం. పదిలో మార్కులు, ఖాతా. మేలో సామ్స్ ఫారం. ప్లస్ టూ మొదటి ఏడు పోస్ట్ మెట్రిక్. రెండో ఏడు అక్టోబరు, నవంబరులో జేఈఈ మెయిన్ ఫారం, సంక్రాంతి తర్వాత నీట్, ఓజేఈఈ, సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల పరీక్ష), ఐసర్ ప్రవేశ పరీక్ష ఫారాలు వరసగా మీద పడతాయి. ఐసర్ బరంపురంలోనే ఉందని చాలామంది తెలుగువాళ్ళు పట్టించుకోరు. లెక్కలు, సైన్సు ఇష్టమై డాక్టరు ఇంజినీరు గొడవ అక్కర్లేని పిల్లకి అది గడప ముందున్న కాలేజీ. ఏప్రిల్ 1 దాటగానే కొత్త ఓబీసీ, ఆదాయం సర్టిఫికెట్లకి దరఖాస్తు పెట్టెయ్యండి, మే నెలలో తహసీల్ ముందు జనం నిండిపోతారు.

ఆర్ఐ విచారణకి పిలిచిన రోజు పట్టా నకలు, వంశవృక్షం, మీ ఓటరు కార్డు, ఆధార్‌లు, పాప బడి సర్టిఫికెట్, ఇంట్లో ఎవరికైనా వచ్చిన పాత కులం సర్టిఫికెట్, మూడేసి నకళ్ళు పట్టుకెళ్ళండి. అసలు పట్టా ఆఫీసులో వదిలి రాకండి. పేర్లు నాలుగు రకాలుగా ఉంటే, నలుగురూ ఒక్కరే అని నోటరీ అఫిడవిట్ ఒకటి ఆ కాగితాల పైనే పెట్టండి.